ఎలుక దవడలో ఎడమ-కుడి తేడా: కొండ వల్లా, కాలిపర్ వల్లా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒకే జాతి పొలం ఎలుకల పుర్రెలు మూడు చోట్ల నుంచి తెచ్చారు: మైదానం, కొండ నడుము, కొండ పైభాగం. చోటుకు ముప్ఫై చొప్పున. కింది దవడ పొడవు ఎడమా కుడీ కాలిపర్‌తో (చిన్న పొడవులు కొలిచే పనిముట్టు) కొలిచి తేడా తీస్తే, పైకి వెళ్లేకొద్దీ ఆ తేడా పెరిగింది. "ఎత్తు పెరిగితే ఎదుగుదల నిలకడ తగ్గుతుంది" అని రాసేయవచ్చా అని అడుగుతున్నారు.

ఇప్పుడే రాయకండి. మీకు కనబడింది నిజమే కావచ్చు. కానీ సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల పైన ఉన్నదీ కడుపులోని పిండానికి తెలియదు. దానికి తెలిసిందల్లా తల్లి ఒళ్లే. తల్లి రక్తంలో ఎంత ఆక్సిజన్ ఉంది, కడుపు నిండిందా, ఒంట్లో ఏ విషం చేరింది, పుట్టాక గూట్లో ఎంతసేపు ఆనుకుని పడుకుంది, పాలు ఎన్ని వచ్చాయి. ఎత్తు, అక్షాంశం, వర్షపాతం లాంటివన్నీ ఈ దారిలోనే ఎముకను చేరాలి. కాబట్టి "ఎత్తు ఎంత" అన్నదానికంటే "ఆ ఎత్తులో తల్లికి ఏమైంది" అన్నది అసలు ప్రశ్న. ఈ మెట్టు దాటేసిన పేపర్లు నేను చాలా చూశాను. మొదట్లో నేనూ అలాంటి పనే చేశాను, అది కింద చెప్తాను.

ముందు కొలుస్తున్నదేమిటో ఒకసారి చూద్దాం. ఎడమ దవడకూ కుడి దవడకూ జన్యువులు ఒకటే, గర్భం ఒకటే, తాగిన పాలూ ఒకటే. ఒకే మనిషి ఒకే సంతకాన్ని రెండుసార్లు పెట్టినట్టు అనుకోండి. చెయ్యి నిలకడగా ఉంటే రెండూ ఒకేలా వస్తాయి. వణికితే తేడా వస్తుంది, అదీ ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఎటు అని నియమం లేని ఈ చిన్న తేడానే ఫ్లక్చువేటింగ్ ఎసిమెట్రీ, పొట్టిగా ఎఫ్‌ఏ. 1962లో వాన్ వేలెన్ దీన్ని మిగతా రెండు రకాల నుంచి విడదీశాడు. మొదటిది, గుండె ఎడమకు ఒరిగినట్టు జాతి మొత్తంలో ఒకే వైపు ఉండే తేడా. రెండోది, ఫిడ్లర్ పీత మగవాటికి ఏదో ఒక డెక్క పెద్దదవుతుంది చూడండి, ఆ తరహాది. ఎదుగుదల ఎంత నిలకడగా సాగిందో చెప్పే శక్తి ప్రధానంగా ఎఫ్‌ఏకే ఉందని అనుకుంటాం.

దీనికి దగ్గరగా ఇంకో భావన ఉంది, కెనలైజేషన్. వాడింగ్టన్ 1942లో చెప్పాడు. జన్యువులు కొద్దిగా మారినా, పరిసరాలు కొద్దిగా మారినా శరీరం అదే రూపానికి చేరడం. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి రాస్తుంటారు. ఇంటి చిట్టెలుక పుర్రె మీద డెబా బృందం 2000లో చేసిన పనిలో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి నడవలేదు. కాబట్టి మీ డేటాలో ఒక ఎలుకకూ ఇంకో ఎలుకకూ మధ్య తేడాలు పెరిగినంత మాత్రాన ఎఫ్‌ఏ కూడా పెరిగి ఉంటుందని అనుకోకండి, రెంటినీ విడిగా లెక్కకట్టండి.

ఇక తల్లి సంగతికి వద్దాం. చిన్న ఎలుకల్లో గర్భం సుమారు మూడు వారాలు, పాలు తాగడం ఇంకో మూడు వారాలు. దవడ ఆకారంలో ఎక్కువ భాగం ఈ ఆరు వారాల్లోనే తయారవుతుంది. పుట్టిన పిల్లకు వెంట్రుకలుండవు, ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేదు. అదీగాక చాలా జాతుల్లో తల్లి ఈనిన రోజే మళ్లీ మగదానితో కలుస్తుంది. అంటే ఒక ఈత పిల్లలకు పాలిస్తూనే ఇంకో ఈతను కడుపులో మోస్తుంది. మేత తగ్గిందంటే ఆ దెబ్బ రెండు ఈతల మీదా పడుతుంది. మంచి మేత ఉన్న చోట ఇదే తల్లి అదే పనిని హాయిగా లాగించేస్తుంది.

ప్రయోగశాలలో ఈ దారిని చూపించినవాళ్లు ఉన్నారు. 1970లలో సీగెల్, డోయల్ తదితరులు ఎలుకలనూ చిట్టెలుకలనూ వేడికి, చలికి, పెద్ద శబ్దాలకు గురిచేసి వాటి పళ్లలో, కాళ్ల ఎముకల్లో ఎడమ-కుడి తేడాలు చూశారు. ఒత్తిడితో తేడా పెరగవచ్చని ఆ పనులు చూపించాయి. వాళ్ల 1977 పేపర్ పేరులోనే ఇంకో మాట ఉంది: పుట్టకముందే జరిగే ఎంపిక. మరీ దెబ్బతిన్న పిండాలను ఎలుక శరీరం గర్భంలోనే కరిగించేసుకుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కిందకు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మీ కొండ. వాతావరణ కేంద్రం ఇచ్చే చలి అంకెను మీరు టేబుల్‌లో పెట్టారు. ఎలుక ఉండేది వాతావరణ కేంద్రంలో కాదు, కలుగులో. నేల లోపల, గడ్డి గూట్లో, పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి పడుకుని ఉండే చోట ఉష్ణోగ్రత బయటి దానికి ఏమాత్రం పోలిక లేకుండా ఉండొచ్చు. ఉత్తర దేశాల వోల్‌ల (పొట్టి తోక ఉండే ఎలుక లాంటి చిన్న జంతువులు) విషయంలో ఇది మరీ విచిత్రంగా ఉంటుంది. మంచు మందంగా పేరుకుంటే దాని కింద, నేలను ఆనుకుని, బయట మైనస్ 20 ఉన్నా సున్నా దగ్గరే ఉంటుంది. వోల్‌లు ఆ మంచు కింద సొరంగాలు చేసుకుని చలికాలమంతా గడిపేస్తాయి. మంచు పలచగా పడి కరిగి మళ్లీ గడ్డకట్టే చోట, అంటే మ్యాప్‌లో ఇంకాస్త దక్షిణాన, వాటికి కష్టం ఎక్కువ. అక్షాంశాన్ని అడ్డ గీతగా పెట్టి గ్రాఫ్ గీస్తే ఈ సంగతి ఎక్కడా కనబడదు.

ఎత్తు గురించి కూడా ఇదే మాట. చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ఉన్న యుయాయాకో అగ్నిపర్వతం శిఖరం మీద, 6,739 మీటర్ల ఎత్తులో, ఒక ఆకుచెవి ఎలుకను పట్టుకున్నట్టు 2020లో ప్రచురించారు. పాలిచ్చే జంతువుల్లో అంత ఎత్తున దొరికిన రికార్డు అది. ఉత్తర అమెరికా డీర్ మౌస్‌లలో ఎత్తు ప్రాంతాల గుంపులకు ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ ఉంది. తరతరాలుగా పైన ఉన్న ఎలుకకు పల్చని గాలి మామూలే. అదే గాలి మైదానం నుంచి నిన్న పైకి ఎక్కిన ఎలుకకు గండం. నా దృష్టిలో ఒత్తిడి అనేది చోటులో ఉండదు, చోటుకూ జంతువుకూ పొంతన కుదరకపోవడంలో ఉంటుంది. మీ కొండపైన ఉన్నది పాతుకుపోయిన గుంపా, లేక కింద జనాభా పెరిగినప్పుడల్లా పైకి పొంగి వచ్చి చలికాలంలో తుడిచిపెట్టుకుపోయే గుంపా? దీనికి జవాబు లేకుండా ఎత్తు మీద వాక్యం రాయకూడదు.

భౌగోళికం పరిసరాల ద్వారానే పని చేస్తుందనుకుంటే సగమే చూసినట్టు. రెండో సగం జన్యువులు. ఒక జాతి విస్తరించిన ప్రాంతానికి నడుమ గుంపులు పెద్దవిగా, కలుస్తూ ఉంటాయి. అంచుల్లో చిన్నవిగా, తెగిపోయి ఉంటాయి. దీవుల్లో అయితే ఇంకా ఎక్కువ: కొద్ది జంతువులతో మొదలై, వాటిలో వాటికే సంతానం. స్కాట్లాండ్ పడమటి సెయింట్ కిల్డా దీవిలో పొలం ఎలుక ప్రధాన భూభాగం బంధువు కంటే బాగా పెద్దది. దీవుల్లో చిన్న ఎలుకలు పెద్దవవడం చాలాచోట్ల కనబడే సంగతే. అలాంటి చోట ఎడమ-కుడి తేడా పెరిగితే కారణం ఉప్పు గాలా, మేతా, లేక దగ్గరి సంతానం వల్ల జన్యు వైవిధ్యం తగ్గడమా అని విడదీయడం చాలా కష్టం. జన్యు వైవిధ్యం తగ్గితే నిలకడ తగ్గుతుందన్నది పాత ఊహే, కానీ అన్ని జాతుల్లోనూ ఒకేలా తేలలేదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ నచ్చే ఉదాహరణ డెన్మార్క్‌ది. ఇంటి చిట్టెలుకలో రెండు ఉపజాతులు జట్లాండ్ ద్వీపకల్పంలో ఒక పట్టీ వెంట కలుస్తాయి, సంకర సంతానం పుడుతుంది. రెండు వేర్వేరు జన్యు సముదాయాలను కలగలిపితే ఎదుగుదల గందరగోళమై ఎఫ్‌ఏ పెరుగుతుందని చాలామంది ఎదురుచూశారు. అలీబెర్ బృందం 1994లో పళ్లు కొలిచి చూస్తే తిరగబడింది. సంకరాల్లో తేడా తక్కువగా ఉంది. ఇవే ఉపజాతుల సంకరాల్లో పేగు పురుగులను తట్టుకునే శక్తి మాత్రం తగ్గిందని వేరే పనుల్లో తేలింది. అంటే పన్ను సాఫీగా తయారైన జంతువు మొత్తంగా క్షేమంగా ఉందని చెప్పలేం. మీ మైదానం గుంపు కూడా ఇలా రెండు గుంపులు కలిసే చోటైతే, అక్కడ తేడా తక్కువ రావడానికి మైదానం సుఖమే కారణం కానక్కర్లేదు.

కాలం సంగతి. మూడు చోట్లా ఒకే నెలలో, ఒకే ఏడాది పట్టారా? వోల్‌ల జనాభా ఉత్తర యూరప్‌లో మూడు నుంచి ఐదేళ్లకోసారి పొంగి పడిపోతుంది. జనాభా బాగా పొంగిన ఏడాది పుట్టిన పిల్లకూ పడిపోయిన ఏడాది పుట్టిన పిల్లకూ తల్లి పరిస్థితి ఒకటి కాదు. ఒకే ఏడాదిలో కూడా వసంతంలో పుట్టినవి గబగబా పెరిగి ఆ ఎండాకాలమే పిల్లల్ని కంటాయి. ఏడాది చివర పుట్టినవి ఎదుగుదల ఆపుకుని చలికాలం దాటాక మళ్లీ పెరుగుతాయి. మైదానంలో ఒక ఏడాదీ కొండపైన మరుసటి ఏడాదీ బోన్లు పెట్టి ఉంటే మీరు కొలిచింది ఎత్తునా ఏడాదినా అన్నది ఏ లెక్కా తేల్చలేదు.

చెర్నోబిల్ గురించి అడిగారు, క్లుప్తంగా చెప్తాను. 1986 ఏప్రిల్ 26 అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత అక్కడి చిన్న జంతువుల మీద చాలా పని జరిగింది. ఒలెక్సిక్ తదితరులు 2004లో పసుపు మెడ ఎలుకల పుర్రెలు కొలిచి, బాగా కలుషితమైన చోట్ల ఎఫ్‌ఏ ఎక్కువని రాశారు. ఇది గట్టి ఉదాహరణే. అయినా రేడియేషన్ ఒక్కటే మారలేదు అక్కడ. మనుషులు వెళ్లిపోయారు, పొలాలు బీడు పడ్డాయి, మేత మారింది, వేటాడే జంతువులు పెరిగాయి. మ్యాప్ మీద ఒక మచ్చ గీసినప్పుడు దాంతోపాటు పది మారతాయి. ఇంకో పని కూడా తరచూ ఎలుకల జాబితాలో వేస్తుంటారు: అడవిలో చెట్టూచేమా తీసేశాక దవడల్లో అసమానత పెరిగిందని బద్యాయెవ్ బృందం 2000లో రాసింది. మంచి పని, కానీ అది చుంచుల మీద. చుంచు చూడ్డానికి ఎలుకలా ఉన్నా కొరికే జాతి కాదు, పురుగులు తినే వేరే వంశం. మీ పరిచయ అధ్యాయంలో దాన్ని ఎలుకగా రాశారు, మార్చండి.

ఇందాక గర్భంలో కరిగిపోయే పిండాల గురించి గుర్తుంచుకోమన్నాను. మీ బోనులో పడింది బతికినవే. చోటు మరీ కఠినమైతే వంకరగా ఎదిగినవి పుట్టకముందే, లేదా పాలు మానకముందే పోతాయి. మిగిలినవి చక్కగా ఉంటాయి. అప్పుడు అత్యంత కఠినమైన చోటే అత్యంత నిలకడగా కనబడుతుంది! ఓ మాదిరి కష్టం ఉన్న చోట ఎఫ్‌ఏ ఎక్కువ, బొత్తిగా బతకలేని చోట తక్కువ అన్నట్టు ఫలితం వస్తే ఆశ్చర్యపోకండి. అందుకే వీలైతే ఒకే చోట పిల్ల వయసు, పెద్ద వయసు జంతువులను విడిగా పోల్చాలి. గుడ్లగూబ కక్కిన ఉండల్లోంచి ఏరిన పుర్రెలైతే ఇంకో జల్లెడ కూడా పట్టినట్టే, ఎందుకంటే గుడ్లగూబకు ఏవి తేలిగ్గా దొరుకుతాయో అవే అందులో ఉంటాయి.

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాది నేను వరసగా దవడలు కొలిచాను. ఎడమది ఎడమ చేత్తో పట్టుకుని ముందు, కుడిది తర్వాత. సాయంత్రానికి లెక్క చూస్తే దాదాపు అన్నింటికీ కుడి దవడ కాస్త పొడవు. ఏదో కనిపెట్టేశానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక సీనియర్ వచ్చి, అవే దవడలను తిరగేసిన వరసలో, కుడిది ముందుగా కొలవమన్నారు. ఈసారి ఎడమది పొడవు. నేను కొలిచింది ఎలుకను కాదు, రెండోసారి పట్టుకునేటప్పుడు కాలిపర్‌ను కాస్త వదులుగా పట్టే నా వేళ్లను. ఇంకో తప్పు కూడా చేశాను, డబ్బా మీద ఏ చోటివో రాసి ఉండగానే కొలిచాను. "ఇవి కలుషితమైన చోటివి" అని తెలిసిన కన్ను తేడాను వెతుక్కుంటుంది, ఇందులో మోసం ఏమీ ఉండక్కర్లేదు.

చిట్టెలుక దవడ సుమారు పది పన్నెండు మిల్లీమీటర్లు. అందులో ఎఫ్‌ఏ ఒక శాతం చుట్టుపక్కల, తరచూ అంతకంటే తక్కువ. అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు అటూఇటూ, తరచూ అంత కూడా ఉండదు. కాలిపర్ తప్పు దాదాపు అదే స్థాయిలో ఉంటుంది. అందుకే పామర్, స్ట్రోబెక్ 1986లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ తప్పనిసరి: ప్రతి వైపునూ కనీసం రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో, పేరు కప్పేసి కొలవడం. తర్వాత జంతువు, వైపు అన్న రెండింటితో ఎనోవా, అంటే మొత్తం తేడాలో ఏ కారణానికి ఎంత వాటా ఉందో విడదీసే లెక్క. వైపు ప్రభావం ఒకే దిశ తేడాను చూపిస్తుంది. జంతువు-వైపు కలయిక, అంటే ఒక్కో జంతువులో ఒక్కోలా ఉండే ఎడమ-కుడి తేడా, ఎఫ్‌ఏ. మిగిలింది కొలత తప్పు. ఆ కలయిక కొలత తప్పును దాటకపోతే మీ దగ్గర ఎఫ్‌ఏ సమాచారమే లేదు, కాలిపర్ గురించిన సమాచారం మాత్రమే ఉంది. ఫొటోలతో చేస్తే ఎడమ ఫొటోను అద్దంలో తిప్పినట్టు తిప్పి, రెండు వైపుల పాయింట్లనూ ఒకే దిక్కున పెట్టండి. నా వేళ్ల లాంటి కథలు కొంత తగ్గుతాయి.

జంతువుల సంఖ్య గురించి మీకు రుచించని మాట చెప్పాలి. ఒక జంతువులో ఎడమ-కుడి తేడా ఒక్క అంకె, దాంతో ఆ జంతువు నిలకడను అంచనా వేయడం నాణేన్ని ఒక్కసారి ఎగరేసి అది సరైన నాణెమా అని తేల్చినట్టు. గుంపు మొత్తంలోనూ మనం పోలుస్తున్నది సగటులను కాదు, వేరియన్స్‌లను, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్న కొలతను. ముప్ఫై జంతువులతో మీకు వచ్చిన వేరియన్స్‌కు 0.63 రెట్ల నుంచి 1.8 రెట్ల దాకా అసలు విలువ ఎక్కడైనా ఉండొచ్చు, 95 శాతం నమ్మకంతో. రెండు చోట్లా ముప్ఫై చొప్పున ఉంటే ఒకటి రెండోదానికి సుమారు 2.1 రెట్లు అయితే తప్ప, ఏ చోటిది పెద్దదైనా పట్టుకునే (టూ-టెయిల్డ్) పరీక్షలో 5 శాతం గీత దాటదు, అంటే అది కాకతాళీయం కాదని చెప్పలేం. వంద చొప్పున అయితే సుమారు ఒకటిన్నర రెట్లు చాలు. మీ మెయిల్‌లోని కొండపై అంకె మైదానం దానికి 1.4 రెట్లు. ముప్ఫైతో ఇది ఏమీ చెప్పదు.

సైజు కూడా చూడండి. చల్లటి చోట్ల జంతువులు పెద్దవిగా ఉండటం బెర్గ్‌మన్ సూత్రం, ఎలుకల్లో అన్నిచోట్లా నిలవదు కానీ మీ కొండ పైవి పెద్దవని మీరే రాశారు. పెద్ద దవడలో తేడా కూడా మిల్లీమీటర్లలో పెద్దదే అవుతుంది. ఎడమ, కుడి కొలతల లాగ్ (లాగరిథమ్) తీసి తేడా చూస్తే ఈ భాగం చాలావరకు పోతుంది. అలా చేశాక 1.4 ఎంత మిగులుతుందో నాకు అనుమానమే.

ఏ భాగం కొలవాలన్నది చివరి సంగతి. దవడ ఎముక బతికినన్నాళ్లూ మారుతుంది. గట్టి గింజలు ఒక వైపే నమిలే ఎలుకకు ఆ వైపు కండరం లాగి ఎముక మారుతుంది. మీరు ఎదుగుదల అనుకున్నది భోజనపు అలవాటు కావచ్చు. చిట్టెలుక, పొలం ఎలుకల దవడ పళ్లు వేరు. కిరీటం చిగురులోంచి బయటకు రాకముందే పూర్తవుతుంది, తర్వాత అరుగుతుందే గానీ పెరగదు. కాబట్టి గర్భం, పాల రోజుల సంగతి పన్నే బాగా దాచుకుంటుంది. మొదటి దవడ పన్ను ముందు, మూడోది ఆలస్యంగా తయారవుతాయి కనుక రెండూ కొలిస్తే ఒత్తిడి ఎప్పుడు తగిలిందో కొంత ఊహించవచ్చు. ఇదే సలహా చాలా వోల్‌లకు మాత్రం పనికిరాదు. వాటిలో మైక్రోటస్ అనే ప్రజాతికి చెందిన జాతుల దవడ పళ్లకు వేర్లుండవు, జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటాయి. వాటి పంటి నమూనా పుట్టినప్పటిది కాదు, ఈ నెలది.

మీ స్థానంలో నేనైతే ఈ వారం కొత్త బోన్లు పెట్టను. మూడు డబ్బాల నుంచి ఇరవై దవడలు ఎవరిచేతనైనా తీయించి, నంబర్లు మార్పించి, ఏ చోటివో నాకు చెప్పవద్దని చెప్పి, రెండు రోజుల తేడాతో రెండుసార్లు కొలుస్తాను. ఎనోవాలో జంతువు-వైపు కలయిక కొలత తప్పును స్పష్టంగా దాటితే అప్పుడు మిగతా వాటి మీద చెయ్యి వేస్తాను, పళ్లు కూడా కలిపి. దాటకపోతే మీ గైడ్‌కు అదే టేబుల్ చూపించండి. ఇంకో విషయం, బోన్లు పెట్టిన తేదీలు మీ నోట్‌బుక్‌లో ఉంటాయి. వాటిని మూడు చోట్లకూ పక్కపక్కన రాసి పంపండి, చూసి చెప్తాను.